ఆమెన్‌కి అడ్డం

ఇదంతా దరువుగాడి నిర్వాకం. చర్చిలో డ్రమ్స్ కొట్టేవాడికి జనం పెట్టిన పేరది. ఏళ్ల తరబడి కీబోర్డు వాయించేవాడి పక్కనే కూర్చుని, ఒకే టీ చెరిసగం తాగి, చివరికి సొంత చెల్లెలికి ఈ సంబంధం కుదిర్చింది వాడే. తారీకు పెట్టించిందీ వాడే. ఆ రోజు కీబోర్డు వాయించేవాడు మొహమాటానికి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

దరువుగాడి తండ్రికి టైర్ల షాపుంది. ఆయన నిన్ననే కీబోర్డు వాయించేవాడికి తెగేసి చెప్పాడు. "పెళ్లయ్యేదాకా వాయించుకో. ఆ తర్వాత ఆ పెట్టె ముందు కనిపించావో, బాగుండదు."

అంటే పాస్టర్‌గారి ప్రార్థన ముగిసేదాకానే. తర్వాత ప్రమాణాలు. ఆ తర్వాత కీబోర్డు లేదు. అతనికున్న ఆస్తల్లా అదొక్కటే.

పాస్టర్‌గారికి ఒక అలవాటుంది. ప్రార్థన కింద కీబోర్డు మెల్లగా మోగుతూ ఉండాలి. తిరిగి తిరిగి మొదలెట్టిన కార్డ్‌కి, అంటే మూడు మీటలు కలిపి నొక్కే సి మేజర్‌కి, వచ్చి ఆగితేనే ఆయన నోట ఆమెన్ వస్తుంది. అది పడకపోతే నోరు ఆగదు.

అందుకే అతను పాసింగ్ కార్డ్‌లు అందుకున్నాడు. రెండు కార్డ్‌ల మధ్య రంగు పూసే మలుపులు. జి కార్డ్ దగ్గర్నుంచి తిన్నగా ఇంటికి, అదే సి మేజర్‌కి, రావాలి. రాలేదు. మధ్యలో జి షార్ప్ డిమినిష్డ్ అనే మలుపు దూర్చి, ఎ మైనర్ సందులోకి తిప్పేశాడు.

పాస్టర్‌గారు అప్పటికే నోరు తెరిచారు. "ఆ... ఆసుపత్రిలో ఉన్నవాళ్లను దీవించు తండ్రీ."

మళ్లీ జి. మళ్లీ సందు.

"ఆ... ఆటోలు తోలేవాళ్లను. ఆ... ఆగిపోయిన ఈ ఫ్యానును కూడా."

దరువుగాడు స్టిక్‌తో అతని వీపు మీద పొడిచాడు. "బావా, సి కొట్టి లేరా. వంటలు చల్లారిపోతున్నాయి."

"ఇంకొక్క రంగు."

"రంగులేస్తున్నది గోడకి కాదు, మా చెల్లి పెళ్లికి."

ముందు వరసలో ఒక ముసలామె ముక్కు చీదింది. "పాపం, వదల్లేకపోతున్నాడే."

"ఆ పిల్లకి తెలుసా?" అంది పక్కావిడ.

"తెలీకేం. ఎలా చూస్తోందో చూడు."

అతను ఆ చూపు తనకు తగలకుండా మీటల మీదికి వంగిపోయాడు. కొత్త కోటు చంకల్లో పట్టేస్తోంది. పాస్టర్‌గారు వీధి దీపాలను, వాటి స్తంభాలను దీవిస్తున్నారు. గొంతు జీరపోయింది. చూపుల్లో బతిమాలుతున్నారు.

పెళ్లికూతురు వేదిక మెట్లు దిగింది. తిన్నగా కీబోర్డు దగ్గరికొచ్చి, అతని భుజం మీదుగా చెయ్యి చాపి మూడు మీటలు ఒక్కసారే నొక్కింది.

సి మేజర్.

"ఆమెన్," అంటూ పాస్టర్‌గారు కూలబడ్డారు.

"అయిపోయిందిగా, రండి," అంది పెళ్లికూతురు.

ఆమె కీబోర్డు స్విచ్ కట్టేసి, అతని కోటు జేబులో నలిగిన పువ్వు సరిచేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పటిదాకా ఖాళీగా ఉన్న పెళ్లికొడుకు కుర్చీలో కూర్చోబెట్టింది.