ఏ పుస్తకంతో ఆడదాం?

“లావు పుస్తకం మాత్రం వద్దు. అది చదివేలోపు ముసలివాళ్లం అయిపోతాం,” అన్నాడు పళ్ల డాక్టరు.

“ఇప్పుడేదో పడుచువాళ్లం అయినట్టు!” అంది లెక్కల టీచరమ్మ.

భోజనాల బల్ల మీద మూడు పుస్తకాలు పరిచి ఉన్నాయి. డాక్టరు, టీచరమ్మ, లిఫ్టులు బాగుచేసే మెకానిక్, ముగ్గురూ వాటి మీదికి వంగి కూర్చున్నారు. పక్కగదిలో కుట్టుమిషను ముందున్న వదిన చేతులు పని చేస్తున్నాయి గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఆవిడ ఆ ముగ్గురికీ వదినే. ఆవిడ భర్త సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, లేని ఊళ్లకూ పాడుబడ్డ కోటలకూ పటాలు గీసి ఈ ముగ్గురినీ వాటిలోకి తోసేవాడు. ఆట అంటే అదే. “ఎదురుగా తలుపుంది. దాని వెనక ఏదో గురక పెడుతోంది. ఏం చేస్తారు?” అని ఆయన కథ నడిపేవాడు. వీళ్లు మాంత్రికురాలిగా, యోధుడిగా, దొంగగా మారిపోయి జవాబు చెప్పేవారు. అనుకున్నది జరిగిందో లేదో పాచికలు తేల్చేవి. ఇరవై రెండేళ్లు అలా సాగింది. ఎనిమిది నెలల కిందట ఆయన గుండె ఆగింది. దాంతో ఆటా ఆగింది.

మొన్న డాక్టరు ఫోన్ చేసి, “మళ్లీ ఆడదామనుకుంటున్నాం వదినా. ఏ నియమాల పుస్తకం పట్టుకోవాలో తేలడం లేదు. అన్నయ్య అలమారలోవి ఒకసారి చూసుకుంటాం,” అన్నాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఫోన్ పెట్టేశాక మళ్లీ దిగులు పట్టుకుంది. ఆయన లేని ఆటకి ఈ ఇల్లెందుకు? డాక్టరు ఆసుపత్రి మీద మేడగది ఖాళీగానే ఉంది. పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లిపోతారు. ఇక ఆదివారాలు ఈ ఇంట్లో గడియారం చప్పుడే.

“మరి అన్నయ్య వాడిన పాతది?” అన్నాడు మెకానిక్.

“దాన్లో అచ్చు కంటే ఆయన దిద్దుబాట్లే ఎక్కువ. ఏది అసలు నియమమో, ఏది ఆయన కల్పించిందో ఆయనకే తెలియాలి. కొత్తగా నడిపేవాళ్లు తల పట్టుకుంటారు,” అంది టీచరమ్మ.

“పైగా అక్షరాలు చీమల బారులా ఉన్నాయి,” అంటూ డాక్టరు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “ఈ సన్నది చూడండి. పద్ధతి పాతకాలందే. నలభై ఎనిమిది పేజీలు. అక్షరాలు పెద్దవి, లెక్కలు తక్కువ.”

“ఆ ఉన్న కాసిని లెక్కలూ నేను చూసుకుంటాగా.”

“ప్రాణాలూ తక్కువే,” అని గొణిగాడు మెకానిక్. “ఒక్క దెబ్బకే పోతాం. లావుదాన్లో అయితే చావాలన్నా నానా తంటాలు పడాలి. పైగా అన్నిటికీ నియమం ఉంది. సన్నదాన్లో సగం సంగతులు నడిపే మనిషే అప్పటికప్పుడు తేల్చాలి.”

“మనకి కావాల్సిందీ అదే కదయ్యా!” అన్నాడు డాక్టరు.

డాక్టరుకి చత్వారం. లెక్కలంటే చచ్చేంత భయం. అంతా ఆయన కొలతలకే కుట్టించుకుంటున్నారు అనుకుంది వదిన.

“వదినా, ఒకసారి ఇలా రండి. ఏది తీసుకోమంటారు?”

“నాకేం తెలుసు?” అంటూనే లేచి వచ్చింది. వెళ్లేవాళ్ల ముందు మొహం ముడుచుకుంటే ఏం బాగుంటుంది? మూడు పుస్తకాలూ చూసి సన్నదాని మీద వేలు పెట్టింది.

“ఇదే. లావు పుస్తకం పెట్టుకుంటే మాటమాటకీ పేజీలు తిరగేస్తారు. చీకటి గుహలో నిలబడ్డవాడు పేజీలు తిప్పుతాడా, చెవులు రిక్కిస్తాడా? ఇక చావంటారా, ఆ భయం ఉంటేనే మీరు ఒకరి మాట ఒకరు వినేది. లేకపోతే డాక్టరు అందరికంటే ముందు దూకేస్తాడు.”

మెకానిక్ నోరెళ్లబెట్టాడు.

“మీ దొంగ తొమ్మిదేళ్ల కిందటే ఆ పాడుబావిలో పోవాల్సింది,” అంది వదిన ఆయన వైపు తిరిగి. “మా ఆయన పాచిక వేసి, చూసి, గబుక్కున చేత్తో మూసేశారు. మీ మొహం చూస్తే చంపబుద్ధి కాలేదట.”

“ఓరి దేవుడా! నా తెలివితోనే బతికి బయటపడ్డానని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకున్నానే!”

టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంటూ, “మీరు వింటున్నారని అన్నయ్యకి తెలుసు వదినా,” అంది. “కథ రక్తి కట్టిందో లేదో మా మొహాలు చూసి తేల్చుకునేవాడు కాదు. మీ మిషను చప్పుడు ఆగిందంటే రక్తి కట్టినట్టే అనేవాడు.”

వదిన పక్కగదిలోని మిషను వైపు చూసింది. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ మాట తనతో ఒక్కసారీ అనలేదు.

“అయితే తేలిపోయింది. సన్నదే,” అన్నాడు డాక్టరు.

“పాచికల డబ్బా కూడా తెచ్చిస్తానుండండి.”

“ఇప్పుడెందుకు? వచ్చే ఆదివారం తీద్దురుగాని.”

“మీ మేడగదిలో కాదూ ఆట?”

“ఆ మందుల కంపులో ఎవరాడతారు వదినా? ఇక్కడే. మీకు ఇబ్బంది లేకపోతే.”

“ఇబ్బందా!” అంటూ వదిన కుర్చీ లాక్కుని కూలబడింది. గుండెల మీద నుంచి బండరాయి దించినట్టు ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. నవ్వొచ్చింది. పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

“రండి, తప్పకుండా రండి. మూడింటికల్లా టీ పెట్టి ఉంచుతాను. అవును డాక్టరూ, నడిపేవాళ్లు పుస్తకం ముందే చదువుకోవాలిగా? వారంలో అవుతుందా మీకు?”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరు సన్న పుస్తకాన్ని మెల్లగా ఆవిడ ముందుకు జరిపాడు.

“నడిపేది మీరు, వదినా.”