ఎదురింటి టీవీల గుండయ్య

కరెంటు పోంగనే గుండయ్య రెండు చేతులెత్తి దేవునికి దండం పెట్టిండు.

పాతబస్తీ హుస్సేనీ ఆలంల కరెంటు పోతే అందరికన్న ముందు ఫోన్ చేసి తిట్టేది ఆయనే. ఆర్టీసీ బస్సు నడిపి నడిపి హారన్ లెక్క తయారైన గొంతు. గట్లాంటి మనిషి ఇయ్యాల ఆగిన ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంట, నవ్వుకుంట కూసున్నడు.

"నువ్వు టీవీల వస్తున్నవని గల్లీ అంత చెప్పుకున్న," అన్నది భార్య కళావతి, చీకట్ల అగ్గిపెట్టె దేవులాడుకుంట. "ఇప్పుడే పోవాల్నా ఈ పాడు కరెంటు!"

"పోనీ తియ్. కరెంటోళ్లు మాత్రం మనుషులు గారా?"

కళావతి చెయ్యి ఆగింది. "ఏమైంది నీకు? జరం గిట్ల వచ్చిందా?"

జరం గాదు, భయం. పోయిన వారం ఓ చానెలోళ్లు 'గల్లీ గోడు' అనే ప్రోగ్రాంకని మైకు పట్టుకొని దిగిండ్రు. పెద్దోళ్ల ఇండ్లల్ల పెండ్లిళ్లు పొద్దంత చూపిచ్చే చానెళ్లకు ఎన్నడో ఓనాడు గల్లీ యాదికొస్తది. గుండయ్య మైకు గుంజుకొని ఎదురింటి రామలింగయ్యను కడిగి పారేసిండు. రామలింగయ్యకు పత్తర్‌గట్టిల చీరల హోల్‌సేల్ దుకాణం. సరుకు ఇంట్లనే పెడ్తడు, ఆయన మూటలు దిగేదాంక ట్రాలీ ఆటో గల్లీకి అడ్డం నిలవడి ఉంటది. గుండయ్య చెప్పిన దాంట్ల అబద్ధం లేదు. కని ఇయ్యాల పొద్దుగాల్నే అదే రామలింగయ్య పిలిచి మరీ కళావతికి చీరలకు ఫాల్స్ కుట్టే పని ఇచ్చిండు. కళావతి ఎన్నొద్దుల సందో అడుగుతున్న పని. మొదటి మూట వచ్చి మంచం మీద కూసున్నది.

ఆ ప్రోగ్రాం అయ్యేదాంక, ఇంకో అర్ధగంట కరెంటు రాకుంటే చాలు. గండం తప్పినట్టే.

"కళావతీ!" ఎదురింటి గడప కాడి నుంచి రామలింగయ్య భార్య రుక్మిణమ్మ కేకేసింది. "మా దిక్కు కరెంటు ఉన్నది! అన్నను తీస్కోని రా, అందరం ఒక్కకాడ కూసోని చూద్దం!"

గల్లీకి ఆ దిక్కు ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఈ దిక్కు ఒకటి. గుండయ్యకు ఆ దిక్కుదాన్ని తగలవెడుదామన్నంత కోపమొచ్చింది.

"నాకు కడుపుల మంచిగ లేదు."

"ఇందాక పళ్లెం ఊడ్చి బోండాలు తిన్నప్పుడు మంచిగనే ఉండె గదా! లే!"

రామలింగయ్య ఇంట్ల అప్పటికే సగం గల్లీ కూసున్నది. ఆయన స్వయంగ కుర్చీ తెచ్చి టీవీ ముంగట ఏసిండు. "రా గుండయ్యా, రా! మన గల్లీ పేరు నిలవెట్టినవ్." చేతికి చాయ్ వచ్చింది. గుండయ్య దాన్ని తాగకుంటనే కింద పెట్టిండు.

"వార్తలెందుకు సేటూ, బీపీ వస్తది. పాపం, మన చెల్లె సీరియల్ పోతది," అని రిమోట్ కోసం చెయ్యి చాపిండు.

"నా సీరియల్ యాడికీ పోదన్నా," అన్నది రుక్మిణమ్మ. "ఆ కోడలు పాల గిన్నె పొయ్యి మీద పెట్టి నెలయింది. ఇంక పొంగలే."

రుక్మిణమ్మ బిడ్డ స్రవ్య సౌండ్ పెంచింది. "వచ్చిండు, వచ్చిండు!"

టీవీ నిండ గుండయ్య ముఖం. "మా గల్లీకి పట్టిన పీడ ఎవరంటే, గా ఎదురింటి రామలింగయ్య! గల్లీ ఏమన్న ఆయన గోదామా? ఆయన మూటలు దిగేదాంక మేం గోడకు బల్లుల్లెక్క అతుక్కోని పోవాల్నా?"

కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఏంది గుండయ్యా ఇది?" అన్నడు రామలింగయ్య.

"అది... నేను గాదు సేటూ."

"నువ్వు గాదా? నీ అంగి, నీ మీసం, నీ గొంతు!"

"గదే మోసం! ఏఐ అని కొత్తది వచ్చింది గదా. ముఖం మనది పెడ్తరు, మాట వాళ్లది పెడ్తరు. నా నోట్లె నుంచి మీ మీద గట్లాంటి మాట వస్తదా?"

ఎవరో కిసుక్కుమన్నరు. స్రవ్య చున్నీ నోట్ల కుక్కుకున్నది.

రామలింగయ్య నవ్వలే. "నా ట్రాలీ ముచ్చట ఏఐకి ఎవరు చెప్పిండ్రు?" అని, కళావతి దిక్కు తిరిగిండు. "రేపు పొద్దుగాల ఆ మూట వాపస్ పంపు కళావతమ్మా. వేరేటోళ్లతోని కుట్టిపిచ్చుకుంటం."

కళావతి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బస్సు నిండ ఉన్న జనాన్ని ఒక్క కేకతోని ఎన్కకు జరిపిన గుండయ్య, పెండ్లాం చెయ్యి పట్టుకొని లేచిండు.

టీవీల మైకు పిల్ల ఇంకా మాట్లాడుతనే ఉన్నది. "ఇదే గల్లీలో ఉండే మరో పెద్దమనిషిని ఆయన దుకాణంలో కలిశాం. ఆయన గోడు కూడా విందాం!"

గడప దాటబోయిన గుండయ్య తిరిగి చూసిండు. తెర మీద పత్తర్‌గట్టి దుకాణం, తెల్లటి పరుపు, దాని మీద బాసింపట్టు ఏసుకొని రామలింగయ్య.

"మా గల్లీకి నీళ్లు ఎందుకు వస్తలేవంటే, ఎదురింటి గుండయ్య! నల్లాకు మోటర్ బిగిచ్చి అందరి నీళ్లు గుంజుకుంటడు. మల్ల బయట నిలవడి మాకే నీతులు చెప్తడు! నోరు తప్ప ఇంకేం లేదు ఆ మనిషికి."

గల్లీ గల్లీ అంత రామలింగయ్య దిక్కు తిరిగింది. దుకాణంల తీసింది గూడ ఇదే ప్రోగ్రాంల వస్తదని తెల్వని ఆయన టీవీని చూసిండు. గుండయ్యను చూసిండు. చేతిల చాయ్ కప్పును శానా సేపు చూసిండు. మెల్లగ లేచి వచ్చి, గుండయ్య భుజం మీద చెయ్యేసిండు.

"మూట నీ కాడనే ఉండనియ్ కళావతమ్మా," అన్నడు. "చూస్తివా గుండయ్యా, ఈ పాడు ఏఐ నన్ను గూడ ఇడిచిపెట్టలే!"