టైలరుగారి మతిమరుపు

“ఉప్పేదే ఇందులో?” మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించాడు టైలరు.

“వేశాను. మీ నాలుకకి తెలిసేంత వేయలేదు, అంతే,” అంది భార్య. “నోరు మూసుకుని ఆ ఆకుకూర కూడా కానివ్వండి.”

“నువ్వు తింటేనే నేను తింటా. ఒక్కణ్ణే ఈ గడ్డి మేయడం నా వల్ల కాదు.”

“మీకంటే చంటిపిల్లలు నయం!” అంటూ ఆవిడా కంచం ముందేసుకుంది.

నిజం చెప్పొద్దూ, బీపీ ఆ ఇంట్లో ఇద్దరికీ ఉన్నదే. మతిమరుపు గోలే కొత్తగా వచ్చిపడింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మేసిన రోజున, “నేనే పెట్టి మర్చిపోయానే,” అని టైలరు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత షాపు తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి. అదీ తన నిర్వాకమే అన్నాడు.

బీపీ అదుపు తప్పితే గుండెకే కాదు, జ్ఞాపకశక్తికీ చేటేనని, ఇద్దర్నీ విడివిడిగా పరీక్షించాక డాక్టరమ్మ చెప్పింది. ఉప్పు తగ్గించాలి, ఆకుకూరలూ పళ్ళూ అక్రోట్లూ తినాలి, నడవాలి, బుర్రకి పని పెట్టాలి. ఆర్నెల్లు చూసి మళ్ళీ పరీక్ష చేస్తానంది. అప్పటికీ గుణం కనపడకపోతే షాపు మూసేసి తన దగ్గరికి వచ్చేయాల్సిందేనని కూతురు తెగేసి చెప్పింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ షాపులో ఆయన కత్తిరించడం, ఆవిడ కుట్టడం. అది మూయడమంటే ఇద్దరికీ ప్రాణం పోయినంత పని.

దాంతో ఆవిడ నడుం బిగించింది. పొద్దున్నే నడకకి తరిమేది. ఒంటరిగా వెళ్ళనని ఆయన భీష్మించుకుంటే తనూ నడిచేది. షాపులో గుండీలు కుడుతూనే బేరాలవాళ్ళ కొలతలు అప్పజెప్పించుకునేది.

“బ్యాంకు మేనేజరు నడుం?”

“ఏమో, గుర్తు రావట్లేదే.”

“నలభై రెండు! పెరగడమే తప్ప తరగడం లేదని మొన్న మీరేగా నవ్వారు! ఏం మనిషండీ బాబూ!”

పరీక్ష రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఐదు మాటలు చెప్పింది. కాసేపు ఆ కబురూ ఈ కబురూ ఆడి, వాటిని తిరిగి చెప్పమంది.

“సూది... గుర్రం... నిమ్మకాయ...” టైలరు బుర్ర గోక్కున్నాడు.

“కిటికీ, గొడుగు!” భార్య ఆగలేకపోయింది.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. గడియారం గీసి, పదకొండు పది చూపించమంది. టైలరు ముల్లు ఎటు పెట్టాలా అన్నట్టు పెన్ను గాల్లో తిప్పుతుంటే, ఆవిడ చటుక్కున లాక్కుని చక్కగా గీసి పెట్టింది.

“నెత్తీ నోరూ బాదుకుని నేర్పించానమ్మా, ఒక్క ముక్క ఎక్కదు ఈయనకి!” ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “షాపు మూసేయాల్సిందేనా?”

“కంగారు పడకండి,” డాక్టరమ్మ నవ్వింది. “పోయినసారి కంటే చాలా మెరుగు. నిక్షేపంగా షాపు నడుపుకోండి.”

“ఇది మెరుగా? పోయినసారి ఇంకెంత ఘోరంగా చెప్పారో, ఏమిటో!” ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “ఉండండి, అమ్మాయికి ఫోన్ చేసొస్తా,” అంటూ సంబరంగా బయటికి వెళ్ళింది.

తలుపు మూసుకునేదాకా ఆగి, టైలరు గొంతు తగ్గించి అడిగాడు.

“అయితే మా ఆవిడ మతిమరుపు తగ్గినట్టేనా, డాక్టరుగారూ?”