మజ్జిగ తెచ్చేలోపు

"ఏరా చెంచయ్యా, నీ పంది మా పెరడు వదలదా?"

సుబ్బరావమ్మ కేకకు చెంచయ్య పరుగున వచ్చాడు. అతని చూడి పంది దడి సందులోంచి మూతి లోపలికి పెట్టి గురగురలాడుతోంది.

కొన్నాళ్లుగా ఇదే వరస. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు హాజరు.

"ఇదంతా పక్కింటి కోటిరత్నం పని. నా మీద కక్షతో మా దడి పక్కన కూడు పోసి అలవాటు చేసింది. ఏమండీ, ఊరికి ప్రెసిడెంటు మీరేగా! వీడి పందుల మందను పొలిమేర దాటించండి."

భర్త అంకమ్మరావు తల గోక్కున్నాడు.

పాపం, ఆయన బాధలు ఆయనవి. ఊరందరికంటే ఎక్కువ మిరప పండించే మనిషిని గుంటూరు డాక్టరు ఉప్పూ కారం మానమన్నాడు. అయినా మాట మీద నిలబడ్డాడు. పెరట్లో పీట వేసుకుని, పెట్టిన చప్పిడి పప్పన్నానికి ఏనాడూ వంక పెట్టలేదు. ఆవిడ లోపలికెళ్లి మజ్జిగ తెచ్చేలోపు కంచం అద్దంలా ఉంటుంది. రక్తపోటే, ఎందుకో, దిగనంటోంది.

చెంచయ్య చేతులు జోడించాడు. "ఇవాళో రేపో ఈనుద్దమ్మగారూ. గడ్డి ఏరుకొచ్చి పక్క కూడా వేసుకుంటోంది. ఇప్పుడు తోలితే పిల్లలు దక్కవండి."

"పోనీలేవే, నోరులేని జీవం" అన్నాడు అంకమ్మరావు.

"నోరు లేకపోతే రోజూ భోజనాల వేళకే ఎందుకొస్తుందీ?"

"పంది ఊరికే రాదండి" అన్నాడు చెంచయ్య. " తిన్న చోటు మరవదు, పెట్టిన చెయ్యి మరవదు. రేపు దీన్ని పాకలోనే ఉంచుతా. ఎవరు పెట్టినా, తినే దిక్కులేక ఆ కూడు ఇక్కడే పడుంటది. దొంగ దొరుకుద్ది."

అంకమ్మరావుకు పొలమారింది. "ఎందుకే ఈ పరీక్షలు!"

"మీరూరుకోండి. ఒరేయ్, మా వామిలో గడ్డి పట్టుకెళ్లి దానికి మెత్తగా పరువు. రేపు దడి దగ్గర మెతుకు కనపడలేదో, సాయంత్రానికి నీ మంద ఊళ్లో ఉండకూడదు."

మర్నాడు మధ్యాహ్నం పంది పాకలో కొత్త గడ్డి మీద పడుకుంది. చెంచయ్య దడి అవతల నిలబడ్డాడు.

సుబ్బరావమ్మ మొగుడికి వడ్డించి లోపలికెళ్లింది. మజ్జిగ చెంబుతో తిరిగొచ్చి దడి పొడుగునా వెతికింది. ఒక్క మెతుకు లేదు.

"చూశావా! ఇక తోలుకో నీ మందని!" అంటూ మజ్జిగ పోయడానికి వంగింది.

అంకమ్మరావు కంచంలో చప్పిడి పప్పన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.