అరువు తెచ్చుకున్న గుండె

"ఇది మీ గుండె కాదు," అంది డాక్టరమ్మ.

క్రేన్ ఆపరేటరు తన చొక్కా వైపు చూసుకున్నాడు, గుండె ఎటైనా పోయిందేమో అన్నట్టు. తర్వాత నవ్వబోయాడు. ఆవిడ నవ్వకపోవడంతో ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నాది కాకపోతే ఎవరిదండీ? మొన్న సాయంత్రం తీగలన్నీ అంటించి పంపింది మీవాళ్ళే కదా."

"అంటించింది మీకే. ఇంటికెళ్ళాక ఏం జరిగిందో మీరే చెప్పాలి."

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి, నడుముకు కట్టిన మిషను ఇరవై నాలుగు గంటలపాటు గుండె కొట్టుకోవడాన్ని గీసిన కాగితం. రెండోది, ఏ గంటకు ఏం చేశాడో అతను తన చేత్తో రాసిచ్చింది. రాత్రి పదికి నూట ఎనభై మెట్ల క్రేన్ నిచ్చెన ఎక్కాను. ఉదయం ఆరింటికి దిగాను. ఎనిమిది నుంచి రెండు దాకా పడుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా అతని రోజు అదే కాబట్టి, రాయడానికి బుర్ర గోక్కోవాల్సిన పని పడలేదు.

డాక్టరమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టింది. ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, గుండె దాని మాట వింటుందని, రాత్రి నెమ్మదించి తెల్లవారేసరికి మళ్ళీ పుంజుకుంటుందని చెప్పింది. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు పనిచేసేవాళ్ళలో ఆ గడియారం తికమకపడుతుందట.

"నూట ఎనభై మెట్ల నిచ్చెన ఎక్కానని మీరు రాసిన టైముకి ఈ గుండె పక్క మీద ఉంది. మీరు నిద్రపోయానన్న పొద్దున తొమ్మిదికేమో పరుగులు పెట్టింది. ఇది మీ రోజు కాదు."

అడ్డంగా దొరికిపోయినా సిగ్గేమీ కలగలేదు. ఈమధ్య అతనికి ఏదీ పెద్దగా అనిపించడం లేదు. రాత్రంతా లీవర్లు పట్టుకుని చేతులు మొద్దుబారినట్టే లోపల కూడా ఎప్పుడో మొద్దుబారింది. మిగిలిందల్లా క్రేన్ ఒక్కటే. యాభై దాటి రాత్రి డ్యూటీ చేసేవాళ్ళంతా ఈ పరీక్ష చేయించుకోవాలని, తేడా వస్తే కిందికి దింపి స్టోరులో వేస్తామని కంపెనీ నోటీసు అంటించింది. స్టోరులో కూర్చుని నట్లూ బోల్టులూ అందించడం తనవల్ల కాదు. కిందటి నెల తెల్లవారుజామున పైన కునుకు పట్టి, కింద మనుషులుండగా కంటెయినరు గాల్లో ఊగిపోయింది. ఉలిక్కిపడి లేచేసరికి గుండె దడదడలాడింది. ఆ సంగతి ఇంటికొచ్చి భార్యకు నవ్వుతూ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

ఆ దడ మిషనుకి దొరికితే తన పని అయిపోయినట్టే. అందుకని సంగతంతా చెప్పి, తన బదులు మిషను కట్టుకోమని భార్యను అడిగాడు. ఆవిడకు తలనొప్పి వచ్చిందని కూడా అతను ఎప్పుడూ వినలేదు. పడుకుంటే పిడుగు పడ్డా లేవదని చుట్టాలందరి ముందూ ఆటపట్టించేవాడు. రాత్రిళ్ళు తను ఇంట్లోనే ఉండడన్న సంగతి ఆ వేళాకోళంలో గుర్తుండేది కాదు.

ఆవిడ బతిమాలించుకోలేదు. తడిచేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఏ రంగు తీగ ఎక్కడుందో పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసుకుని, ఒక్కొక్కటే తన ఛాతీ మీంచి తీసి ఆవిడకు అంటించాడు. మిషను మీద ఈ బటనెందుకని మాత్రం అడిగింది. ఒంట్లో తేడాగా ఉంటే నొక్కాలట, నీకెందుకులే అని చెప్పి, టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"ఎవరిదిది?" అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది.

"మా ఆవిడదండీ. బయట బెంచీ మీద కూర్చుంది."

డాక్టరమ్మ నర్సును పంపి, కాగితాన్ని అతని వైపు తిప్పింది. "తెల్లవారుజామున మూడింటికి ఇక్కడ చూడండి. నాలుగు సెకన్లు కొట్టుకోలేదు. నాలుగున్నరకు ఇంకోసారి. ఆ రాత్రి మొత్తం ఏడుసార్లు ఆగింది. ఏడుసార్లూ బటన్ నొక్కారు, అంటే మెలకువగానే ఉన్నారు. ఆవిణ్ణి ఇంటికి పంపను, ఇవాళే చేర్చుకోవాలి."

అతను ఆ గీత మీద బొటనవేలు పెట్టాడు. రెండు చప్పుళ్ళ మధ్య ఖాళీలో వేలు సరిగ్గా పట్టింది. ఏదో అనిపించాలి కదా అని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు.

"అయితే నా క్రేన్ సంగతి?" అన్నాడు.

డాక్టరమ్మ అతని వేలి కింద నుంచి కాగితం లాక్కుంది. "రేపు మీ గుండె మీరే తెచ్చుకోండి," అంది.

భార్య లోపలికి వచ్చింది. చేతిలో అతని ఫైలు ఉంది. డాక్టరమ్మ కూర్చోబెట్టి, గుండె ఆగినట్టు ఎన్నాళ్ళనుంచి అనిపిస్తోందని అడిగింది. రెండేళ్ళ నుంచి, తెల్లవారుజామునే, అని ఆవిడ పాలవాడు వచ్చే వేళ చెప్పినంత మామూలుగా చెప్పింది.

"తీగలు తీసేటప్పుడు అడిగితే ఏమీ అనిపించలేదన్నావుగా నాతో?" అన్నాడతను.

ఆవిడ ఫైలును ఒళ్ళో సర్దుకుంది.

"రెండేళ్ళు ఎవరికీ చెప్పనివారు, ఆ రాత్రి మాత్రం ఒక్కసారీ వదలకుండా ఎందుకు నొక్కారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

ఆవిడ ఫైలు మీద ఉన్న భర్త పేరును వేలితో ఒకసారి తడిమింది.

"మిషను ఈయన పేరున ఉంది కదండీ. గుండె చెడిపోయిందని వస్తే ఇకనైనా ఈయన్ని ఆ క్రేన్ మీంచి దింపేస్తారని."