ఇంద్రసేన సార్ రాసిన పుస్తకం

ప్రొబేషన్ ఆర్నెల్లు నిండేందుకు ఇంకా రెండ్రోజులుందనంగ ఇంద్రసేన సార్ నా చేతిల లెటర్ పెట్టిండు. అశోక్‌నగర్‌ల గ్రూప్స్ కోచింగ్ సెంటర్ ఆయనది. నేను అండ్ల పాలిటీ చెప్త.

"సంస్థ నోట్స్ బయట అమ్ముకుంటున్నందున శ్రీదివ్యను తొలగిస్తున్నాం," అని ఉంది లెటర్‌ల.

"సార్, ప్రొబేషన్‌ల ఉన్నోళ్లనైనా ఇట్ల నింద మోపి తీసెయ్యాలంటే ముందుగాల విచారణ జరపాలె," అన్న.

"ఎవరు చెప్పిన్రు?"

"మీరే. మీ పుస్తకం, నూట పన్నెండో పేజీ."

టేబుల్ మీదున్న పుస్తకం తెరిచి చూపెట్టిన. అట్ట మీద కోటు తొడుక్కున్న ఆయన ఫొటో, కింద రచయితగా ఆయన పేరు. లోపల ప్రతి అక్షరం నాది. నేను రాసిచ్చిన కాగితాలు ఒక్కటన్న చదవకుండనే ప్రెస్సుకు పంపిండు. రెండో ముద్రణల నా పేరు గూడ వెయ్యమని పోయిన వారమే అడిగిన.

సార్ పుస్తకం మూసి పక్కకు పెట్టిండు. తన పుస్తకమే తప్పని ఎట్లంటడు?

"అయితే తప్పులేకుండ నువ్వే ఒక లెటర్ కొట్టుకరా. సంతకం పెడత," అన్నడు.

నన్ను తీసేసే లెటర్ నేనే రాయాల్నట. ఈ మనిషి తరఫున సిగ్గు గూడ ఇంకొకళ్లే పడాలె.

టైప్ చేసి తెచ్చిన. ఫోన్‌ల మాట్లాడుకుంటనే సంతకం గీకి, ముద్ర కొట్టిండు.

చిక్కడపల్లిల జిరాక్స్ షాపు ముందట నిలబడి ఇంకోసారి చదువుకున్న.

"పనితీరు సంతృప్తికరంగా ఉన్నందున శ్రీదివ్యను పర్మనెంట్ చేస్తున్నాం."