ఊరికి ఒకే ఫ్రీజరు

"తోరికా సంగతా? ఉన్నదున్నట్టు చెప్పేస్తాను బాబూ, దాచడం నాకు చేతకాదు," అంది అలుమిత, అప్పులిచ్చే సంస్థ ఆఫీసరు ఇసికేలి ముందు టీ పెడుతూ.

రాజధాని సువా నుంచి పడవలో వచ్చాడతను. ఆ దీవిలో కొట్లు రెండే. ఒకటి అలుమితది, దానికి ఎదురుగా తోరికాది. సంస్థ ఇచ్చే అప్పు మాత్రం ఒక్క ఫ్రీజరుకే. అది ఎవరి కొట్టుకొస్తే చేపల బేరమంతా వాళ్ళది, రెండోవాళ్ళు తలుపులు మూసుకోవలసిందే. ఇసికేలి లెక్కల పుస్తకాలు అడగలేదు. మనిషి గుణం తెలిస్తే అప్పు తీరుస్తుందో ఎగ్గొడుతుందో తెలిసిపోతుందట. అందుకని ఒకరి గుణం ఇంకొకరిని అడుగుతున్నాడు. పొద్దున్నే తోరికాను అడిగి వచ్చాడు.

పోయిన నెల ఎదురు కొట్టుకు నీలం రంగు వేసినప్పటి నుంచీ అలుమితకు కడుపు మండిపోతోంది. ఇవాళ ఆ మంట చల్లారే రోజు వచ్చింది.

"అది ఎంగిలి చేత్తో కాకిని తోలదు. సొంత మేనమామ వచ్చి చుట్టరికం కొద్దీ కెరెకెరె అని ఊరికే రెండు చేపల డబ్బాలు అడిగితే, ముందు డబ్బులు పెట్టు మామా అంది. చావింటి విందుకి బాబూ. చుట్టం నోరు తెరిచి కెరెకెరె అన్నాక లేదనే ఆడది మనలో ఉంటుందా?"

ఇంతలో ఓ బంధువు గుమ్మంలోకి వచ్చింది. "కెరెకెరె వదినా, ఒక సబ్బు."

అలుమిత అటు చూడకుండానే, డబ్బు అడక్కుండానే సబ్బు తీసి ఇచ్చి, మళ్ళీ అందుకుంది. "పాస్టరుగారు పంచదార అడిగినా అదే తంతు."

"ఆయనకి కూడా అరువు లేదా?" ఇసికేలి గబగబా రాసుకుంటున్నాడు.

"ఎవరికీ లేదు. మొహమాటమన్నది దాని ఒంట్లోనే లేదు. రాతిగుండె అని రాసుకో."

రాసుకున్నాడు. గుణానికి వేసిన మార్కులు కూడాడు. కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"అప్పు తోరికాగారికి ఇస్తున్నామమ్మా."

అలుమిత చేతిలో కెటిల్ చేతిలోనే ఉండిపోయింది. "ఇంత విన్నాక కూడా దానికా?"

"విన్నాను కాబట్టే. మాకు అప్పు ఎగ్గొట్టినవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి కొట్టు ఖాళీ చేసుకున్న మంచివాళ్ళే ఎక్కువ. మేనమామకి లేదనగలిగిన మనిషి వాయిదా తప్పదు. ఆ సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలియదు."

అలుమితకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. తన నోటితో తనే దానికి ఫ్రీజరు కొనిపెట్టింది. అయినా తనకెందుకు రాలేదు?

"అయితే నా అప్పుకు అడ్డుపడింది అదేనన్నమాట. పొద్దున నీ చెవిలో ఏం విషం పోసిందో చదువు, నేనూ వింటాను."

ఇసికేలి కాగితం తిప్పి, తోరికా చెప్పింది చదివాడు.

"అలుమితక్కది దేవుడిచ్చిన చెయ్యి, ఇంట్లో పిండి నిండుకున్నా అడిగినవాళ్ళకి లేదనదు, నాకు రాకపోయినా ఫర్వాలేదు, ఆ అప్పు అక్కకే ఇవ్వండి."